మొదటి చెయ్యి

బీరువా దొంగ పైడయ్యకు ఒకే ఒక్క లోపం ఉంది. తనకు మేలు చేసినవాళ్ళని జన్మలో మరచిపోడు.

ఆ ఒక్క లోపం వల్ల మా ముంతవలసలో ఒక పాత బీరువా పోయినందుకు నలభై ఒక్కమంది ముద్దాయిలయ్యారు.

నా పేరు గవరయ్య. ముంతవలస పోలీస్ స్టేషన్లో రైటర్ని. ఊళ్ళో జరిగిన నేరాలన్నీ కాగితం మీద పెట్టడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా పెడుతున్నాను. పైవాళ్ళు చెప్పినప్పుడు, జరగనివి కూడా పెట్టాను. కానీ జరిగింది పెట్టకుండా వదిలెయ్యడం మాత్రం ఏనాడూ లేదు.

జరిగింది ఇది. మున్సిపల్ ఆఫీసు వరండాలో తొమ్మిదేళ్ళుగా ఒక ఇనప బీరువా పడి ఉండేది. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. లోపల ఏముందో అంతకన్నా తెలియదు. ఒక మంగళవారం పట్టపగలు పదకొండు గంటలకి పైడయ్య అద్దె రిక్షా తొక్కుకుంటూ వచ్చి దాన్ని పట్టుకుపోయాడు. వచ్చింది ఒక్కడే. ఆ బీరువా కదలాలంటే కనీసం ఏడుగురు కావాలి.

మరి ఎలా పట్టుకుపోయాడంటే, మా ఊరి మర్యాద అలాంటిది. నెత్తిమీదకి గంప ఎత్తాలన్నా, బురదలో దిగబడ్డ బండి కదలాలన్నా, "ఓ సెయ్యెయ్యండి బాబూ" అంటే చాలు. ఆ మాట చెవిన పడ్డ మనిషి చేతిలో పని వదిలేసి వచ్చి చెయ్యి వేస్తాడు. ఈ బరువు ఎవరిది, ఎక్కడికి, ఎందుకు అని అడగడు. బరువు మోస్తున్నవాణ్ణి నిలబెట్టి ప్రశ్నలు వెయ్యడం మా ఊళ్ళో తలుపు తియ్యకుండా చుట్టాన్ని కులాసా అడిగినంత తప్పు.

పైడయ్య వరండాలో నిలబడి ఆ మాట అన్నాడు. ఊరు వచ్చి చెయ్యి వేసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి పాత సామాన్ల కొట్టు ముందు రిక్షా టైరు పేలి, దారి మూసుకుపోయింది. వెనకాలే వస్తున్న జీపులోంచి మా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విరూపాక్షరావుగారు దిగారు.

"ఎవడిదిరా ఈ బీరువా?"

"మున్సిపాల్టీదండి" అన్నాడు పైడయ్య. "ఓ సెయ్యెయ్యండి బాబూ, పక్కకి తీసేద్దాం."

నిజాయితీపరుడు. అక్కడే దొరికిపోయాడు.

మామూలు రోజుల్లో అయితే కథ ఇంతటితో అయిపోయేది. కానీ ఆ వారమే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. పేరు 'సహకార నేరస్థుల గుర్తింపు పక్షోత్సవం'. నేరం చేసేవాడు ఒక్కడే అయినా, చేయనిచ్చేది సమాజమనీ, నేరస్థుడికి చేయూతనిచ్చిన ప్రతి ఒక్కరినీ గుర్తించి ఈ పదిహేను రోజుల్లో కేసులు కట్టాలనీ అందులో ఉంది. నేరానికి సగటున ఎక్కువమంది సహాయకుల్ని పట్టుకున్న సర్కిల్‌కి జిల్లాలో మొదటి ర్యాంకు. అయిదో అంశం ఎర్ర అక్షరాల్లో ఉంది: 'చోరీ సొత్తును తాకిన ప్రతి చెయ్యీ నేరపు చెయ్యే.' సీఐగారు దాన్ని ఫ్రేము కట్టించి గోడకి కొట్టించారు.

పైడయ్యని ఆ ఫ్రేము కింద కూర్చోబెట్టారు.

"నీకు ఎవరెవరు సహకరించారో వివరంగా చెప్పు. సదరు వివరాలు ఇస్తే నిన్ను అప్రూవర్‌ని చేసి, కోర్టువారిచేత క్షమాభిక్ష ఇప్పిస్తాం."

"అదేటి బాబూ, అంత పని సెయ్యాలేటి? నాకు సాయం సేసినోలని నాను మర్సిపోతానా?" అని పైడయ్య కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టాడు.

నేను రాయడం మొదలుపెట్టాను. రెండు రీఫిళ్ళు అయిపోయాయి. వరండా మెట్లు దింపిన ఆరుగురు. గేటు తీసి పట్టుకున్న మున్సిపల్ మేనేజరుగారు. రిక్షా ఎత్తెక్కడానికి వెనకనుంచి తోసిన హైస్కూలు డ్రిల్లు మాస్టారు. తాడిచ్చిన పాలాయన. 'జాగ్రత్త నాన్నా' అన్న పెన్షనరు. క్లాక్ టవర్ దగ్గర లారీలని ఆపి రిక్షాకి దారి ఇచ్చిన మా ట్రాఫిక్ కానిస్టేబుల్ కూర్మారావు.

"మేనేజరుగారు ఫిర్యాదుదారు కదా సార్" అన్నాను నేను.

"ఫిర్యాదు చేసినంత మాత్రాన గేటు తీసిన పాపం పోతుందా? ముద్దాయి నంబరు ఏడు. రాయి."

"సార్, ఇంకో మాట. దొంగతనమని తెలిసి సాయం చేస్తేనే కదా సార్ నేరం? వీళ్ళెవరికీ తెలియదు."

సీఐగారు నావైపు జాలిగా చూశారు. "గవరయ్యా, తెలుసుకోకపోవడమే నేరస్థుడికి మనం చేసే మొట్టమొదటి సహాయం. ఈ వాక్యం నాది. కింద నా పేరు రాసి ఫైల్లో పెట్టు."

పెట్టాను.

"ఇక ప్రధాన ముద్దాయి ఎవరన్నది తేల్చాలి" అని ఆయన లేచి పచార్లు చేశారు. "పైడయ్య సాక్షి అయిపోయాడు కాబట్టి ఏ-వన్ స్థానం ఖాళీగా ఉంది. బీరువా తనంతట తాను కదలదు. మొదటి చెయ్యి పడ్డాకే రెండో చెయ్యి పడుతుంది. అంటే నేరానికి ప్రాణం పోసింది మొదటి చెయ్యి. ఆ చెయ్యి ఎవరిది?"

పైడయ్య ముఖం వెలిగిపోయింది. "అసిరమ్మప్పది బాబూ! బంగారు తల్లి. పిలవగానే ఇడ్లీ బండి వొగ్గేసి వొచ్చీసింది. సెయ్యేసింది. నెత్తిమీద పెట్టుకోడానికి గుడ్డ సుట్ట ఇచ్చింది. ఆపైన గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇచ్చింది."

నా కలం ఆగిపోయింది.

బస్ కాంప్లెక్స్ గోడ పక్కన అసిరమ్మ ఇడ్లీ బండి ఉంది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది. అందులో పదకొండేళ్ళు నా పొద్దుటి ఆకలి తీర్చింది అదే. నేను ఆవిడని, అక్కా అన్నట్టు, అప్పా అంటాను. ఆవిడ నన్ను రైటరు బాబూ అంటుంది.

"రాశావా?" అన్నారు సీఐగారు.

రాశాను.

*

మర్నాడు పొద్దున్న అరెస్టుకి నన్నే పంపారు.

"అప్పా, స్టేషన్‌కి రావాలి."

"పార్సిలేటి బాబూ? ఎన్ని ప్లేట్లు?"

"పార్సిల్ కాదు. నిన్నే."

ఆవిడ గరిటె కింద పెట్టింది. నేను కారణం చెప్పాను. విని నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది.

"సెయ్యేసినందుకేటి?"

"మొదటి చెయ్యి నీదట."

"మరి మొదట ఎవులో ఒకలు ఎయ్యాలి గదా బాబూ!"

బండిని 'నేర ప్రేరేపక ప్రదేశం నుండి స్వాధీనపరచుకొన్న వాహనం' అని రాసి, స్టేషన్ వెనక దొడ్లో పెట్టించాను. పెద్ద గిన్నెడు పిండి కూడా స్వాధీనమైంది. సాయంత్రానికి అది పులిసి పొంగి, సీలు తెంచుకుని బయటికి వచ్చింది.

మా సబ్‌జైలు పన్నెండుమందికి కట్టింది. అందులో పద్నాలుగుమంది ఉన్నారు. కాబట్టి ఏ-వన్ని మాత్రమే రిమాండుకి పంపి, మిగతా నలభైమందిని రోజూ పొద్దున్నే స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టమన్నారు. కూర్మారావుని సస్పెండ్ చేశారు. ర్యాంకుల్లో మా సర్కిల్ మూడోది. పైన ఉన్న రెండు సర్కిళ్ళకీ పెళ్ళి ఊరేగింపుల్లో జరిగిన దొంగతనాలు దొరికాయి. అదృష్టవంతులు.

జైలుకి వెళ్ళేటప్పుడు అసిరమ్మ నన్ను ఒకే మాట అడిగింది.

"బాబూ, నా జాగా?"

మున్సిపాలిటీ నిబంధన ఉంది. రోడ్డు పక్క జాగాలో పది రోజులు బండి లేకపోతే, పదకొండో రోజు పొద్దున్న ఆరింటికి ఆ జాగా ఇంకొకరికి రాసిచ్చేస్తారు. అప్పటికే ఇద్దరు అర్జీలు పెట్టి ఎదురుచూస్తున్నారు. ఆ జాగా పోతే ఆవిడకి ఊళ్ళో ఇంకో గోడ లేదు.

"చూస్తానప్పా" అన్నాను. ఏం చూడాలో నాకు తెలియదు.

*

మూడో రోజుకి ముంతవలసలో చేతులన్నీ జేబుల్లోకి వెళ్ళిపోయాయి.

బస్ కాంప్లెక్స్‌లో ఒక ముసలాయన బెల్లం బస్తా ముందు నిలబడి "ఓ సెయ్యెయ్యండి బాబూ" అన్నాడు. చుట్టూ ఉన్న ఇరవైమంది ఒకేసారి ఆకాశంలోకి చూశారు. ఆ ఇరవైమందిలో నేనూ ఉన్నాను. ఆయన ఆ బస్తా మీదే కూర్చుని నాలుగు బస్సులు వదిలేశాడు.

టైమెంతయిందని అడిగితే ఎవరూ చెప్పడం లేదు. రేపు ఆ టైముకి ఏ దొంగతనమైనా జరిగితే? దారి అడిగితే, 'నేను ఈ ఊరివాణ్ణి కాను' అని సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళు చెబుతున్నారు. నాలుగో రోజు మున్సిపాలిటీ ఒక ఫారం అచ్చు వేసింది: 'సహాయ పూర్వ ధ్రువీకరణ పత్రం'. సాయం అడిగేవాడు తాను దొంగ కాననీ, భవిష్యత్తులో అయ్యే ఉద్దేశం కూడా లేదనీ ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి. సాక్షి సంతకం పెట్టడం కూడా సాయమే కాబట్టి ఒక్క ఫారమూ పూర్తి కాలేదు.

అసిరమ్మ కోసం లాయరు జగ్గారావుగారి దగ్గరికి మఫ్టీలో వెళ్ళాను.

"నేనా? ముద్దాయికి న్యాయ సహాయమా?" అని ఆయన తలుపు సగం మూశారు. "దాన్ని సహాయమనే అంటారయ్యా. బోర్డు మీద కూడా అలాగే రాయించుకున్నాను. ఇవాళే చెరిపిస్తున్నాను."

ఏడో రోజు సీఐగారి జీపు బజారు మధ్యలో ఆగిపోయింది. తొయ్యమని అడిగితే జనం ఫారం అడిగారు. ఆయన కిలోమీటరున్నర నడిచి స్టేషన్‌కి వచ్చారు. చెమట కారుతోంది, కానీ ముఖం మీద గర్వం.

"చూశావా గవరయ్యా? ప్రజల్లో చైతన్యం!"

స్టేషన్లో ఒక్క పైడయ్యే సుఖంగా ఉన్నాడు. ఎనిమిదో రోజు కోర్టు అతనికి క్షమాభిక్ష మంజూరు చేసింది. జిల్లాకి ముఖ్య సాక్షి కాబట్టి స్టేషన్లోనే ఫ్యాను కింద మంచం వేశారు.

"అసిరమ్మప్ప ఇడ్లీ తిని ఎన్నాళ్ళయిందో బాబూ" అని నాతో అన్నాడు. "ఈ హోటలు ఇడ్లీ గోడకేసి కొడితే తిరిగొచ్చి మనకే తగుల్తాది. అప్పని ఎప్పుడు వొగ్గుతారు?"

"నువ్వు పేరు చెప్పకుండా ఉంటే అసలు పట్టుకునేవాళ్ళమే కాదు."

"పేరు సెప్పొద్దేటి?" పైడయ్య నిజంగా తెల్లబోయాడు. "సాయం సేసినోల పేరు దాసీడం తప్పు గదా బాబూ!"

అంతసేపూ మంచం మీద ఊగుతున్న కాలు ఆపేశాడు. ఆ రోజు ఇడ్లీ కూడా వద్దన్నాడు.

*

పదో రోజు పొద్దున్న పదిన్నరకి అసిరమ్మని కోర్టులో పెట్టారు. కొత్త మేజిస్ట్రేటు గారు, చిన్నావిడ, కాగితాలు రెండుసార్లు చదివారు.

"మీ తరఫున లాయరెవరూ లేరా?"

"లేరమ్మా. అడిగితే తలుపులేసేసుకుంతన్నారు."

"మీరేమైనా చెప్పుకుంటారా?"

"ఏటి సెప్తానమ్మా. ఇరవై రెండేళ్ళనుంచి ఇడ్లీలెడతన్నాను. తిన్నోడు దొంగో దొరో ఏనాడూ అడగలేదు. ఆకలేస్తన్నాదా లేదా అదే అడిగినాను. ఇక్కడా బరువుందా లేదా అదే సూసినాను."

కోర్టులో ఎవరో దగ్గారు. మేజిస్ట్రేటు గారు సీఐగారివైపు తిరిగారు.

"ఏడుగురు మొయ్యాల్సిన బీరువాని ఈవిడ కదిలించిందని రాశారు. నేను ఆ బీరువాని చూడాలి."

"మేడమ్, సదరు వస్తువు యొక్క ఫొటోలు నాలుగు కోణాల నుండి..."

"ఫొటో బరువు నాకు తెలుసు. మధ్యాహ్నం ఒంటిగంటకి బీరువా ఇక్కడ ఉండాలి. లేకపోతే ఆవిణ్ణి వదిలేస్తాను."

స్టేషన్‌కి పరిగెత్తాం. దొడ్లో బీరువా ఉంది, పక్కనే ఇడ్లీ బండి ఉంది. ఎనిమిదిమంది కానిస్టేబుళ్ళు ఉన్నారు.

"ఒంటిగంటకి ఇది కోర్టులో లేకపోతే అసిరమ్మని వదిలేస్తారు. ఎత్తండి!" అన్నారు సీఐగారు.

ఎనిమిదిమందీ కిటికీలోంచి గోడ మీద ఫ్రేముకేసి చూశారు. అందరిలోకీ పెద్దవాడు చేతులు కట్టుకుని చెప్పాడు: "చోరీ సొత్తు సార్. అయిదో అంశం ప్రకారం ముట్టుకున్న ప్రతి చెయ్యీ... కూర్మారావు చెయ్యి కూడా వెయ్యలేదు సార్, ఎత్తి చూపించాడంతే. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాడు. మీరు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే..."

సీఐగారు కలం తీశారు. ఉత్తర్వు ఇవ్వడం కూడా సాయమేనని కాగితం మీద కలం పెట్టాక తట్టినట్టుంది. కలానికి మళ్ళీ మూత పెట్టారు. గడియారం పన్నెండు చూపిస్తోంది.

"నాను మోస్తాను బాబూ" అన్నాడు వెనకనుంచి పైడయ్య.

అందరం తిరిగాం.

"నాకు మాపీ అయిపోనాది గదా. ఈ బీరువాని ముట్టుకున్నా తప్పులేనోడిని ఊరు మొత్తానికి నానొక్కడినే."

సీఐగారు ఆలోచించారు. చట్టరీత్యా అందులో తప్పు లేదు. ఆ బీరువాని చట్టబద్ధంగా తాకగల ఏకైక పౌరుడు దాన్ని దొంగిలించినవాడే. స్వాధీనం చేసుకుని టైరు వేయించిన అద్దె రిక్షాని దొడ్లోంచి బయటికి తీయించారు.

పైడయ్య బీరువా పక్కన వంగాడు, పట్టాడు, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"ఒక్కడివల్లా అవదు బాబూ. మొదట ఒక సెయ్యి పడితే మిగతావోలు ఆలే పడతారు." అని సీఐగారి కళ్ళలోకి చూసి అన్నాడు: "ఓ సెయ్యెయ్యండి బాబూ."

గడియారం పన్నెండూ పది. విరూపాక్షరావుగారు ఈ ప్రాంతంవారే. ఆ మాట విన్న చెయ్యి దానంతట అదే లేచింది.

పై అధికారి చెయ్యి పడ్డాక ఎనిమిదిమందీ పడ్డారు. బీరువా రిక్షా ఎక్కింది. దారిలో జనం ఇబ్బంది పెట్టకూడదని, సీఐగారు లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసి స్టాంపు వేసి పైడయ్య చేతిలో పెట్టారు: 'ఈ వ్యక్తికి, ఈ బీరువాకి సహాయం చేయడం నేరం కాదు. ఎవరూ ఆపరాదు.'

"నువ్వు ముందు నడు. మేము జీపులో వెనకాలే వస్తాం."

రిక్షా కదిలింది. జీపు కదల్లేదు. ఎనిమిదిమంది తోసినా ఇంజను అందుకోలేదు; ఇంకో చెయ్యి వెయ్యమని బయట ఎవర్ని పిలిచినా ఫారం అడిగారు.

తరవాత జరిగింది నేను సాక్షులందర్నీ విచారించి రాసింది. పైడయ్య మొదటి సందులోనే ఆ ఉత్తరం పైకెత్తి చూపించాడు. పది రోజులుగా సాయం చెయ్యకుండా చేతులు దురద పెడుతున్న ఊరది. నేరం కాదని రాసి, స్టాంపు వేసిన ఒకే ఒక్క సాయం! జనం తోసుకుంటూ వచ్చారు. ఒకాయన రిక్షా లాగాడు, ఇద్దరు గొడుగు పట్టారు, ఎవరో మజ్జిగ ఇచ్చారు. డ్రిల్లు మాస్టారు విజిలు వేశారు. చెయ్యి వెయ్యడానికి బీరువా మీద చోటు చాలక కొందరు ముందువాళ్ళ భుజాల మీద వేశారు. క్లాక్ టవర్ దగ్గర కుడివైపు కోర్టు, ఎడమవైపు హైవే. అక్కడ కూర్మారావు లుంగీతో నిలబడి ఉన్నాడు, ఇంట్లో తోచక. అలవాటు చొప్పున చెయ్యెత్తి లారీలని ఆపాడు.

పైడయ్య ఎడమవైపు తిరిగాడు.

బీరువాని ఒడిశా లారీలోకి ఎక్కించడానికి నలభైమంది పట్టారట. ఎక్కాక పైడయ్య ఆ నలభైమందికీ పేరుపేరునా దండం పెట్టాడట.

*

ఒంటిగంటా పదికి మేము నడుచుకుంటూ కోర్టు చేరాం.

"బీరువా ఏది?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"మార్గమధ్యంలో ఉన్నది మేడమ్."

"ఎవరి దగ్గర?"

"అప్రూవర్ దగ్గర మేడమ్."

"అంటే దొంగ దగ్గర."

"క్షమాభిక్ష పొందిన..."

ఆవిడ ఇంక వినలేదు. అసిరమ్మని వదిలేశారు. మిగతా నలభైమంది సంతకాలూ ఆపేయమన్నారు. బీరువా రెండోసారి పోయిన కేసు మాత్రం సాయంత్రం లోపల కట్టి పంపమన్నారు. "మీ పద్ధతిలోనే కట్టండి. ఒక్క పేరూ వదలకండి" అని నావైపు చూసి మరీ అన్నారు.

నాలుగు గంటలకి రాయడం పూర్తయింది. సీఐగారి బల్ల మీద పెట్టాను.

"ఏ-వన్ ఎవరు?" అని ఆయన చూడకుండానే అడిగారు.

"మొదటి చెయ్యి సిద్ధాంతం ప్రకారమే రాశాను సార్. పన్నెండూ పదికి పడిన చెయ్యి."

ఆయన కాగితం చదివారు. ఎర్ర అక్షరాల ఫ్రేముకేసి చూశారు. తన కుడిచేతి కేసి చూసుకున్నారు.

"మొత్తం ఎంతమంది?"

"నూట ముప్పై ఆరుగురు సార్."

"జిల్లాలో?"

"మనమే ఫస్టు సార్."

ఒక్క క్షణం ఆయన ముఖం వెలిగింది. ఒట్టు, నేను చూశాను.

*

అయిదు గంటలకి అసిరమ్మ దొడ్డిగుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"బాబూ, నన్ను వొగ్గేసినారు. బండి వొగ్గరేటి?"

మనిషిని వదలమని ఆర్డరు ఉంది. బండి గురించి ఆర్డరులో ఒక్క ముక్క లేదు. దానికి వేరే అర్జీ పెట్టాలి, లాయరు కావాలి, మూడు వారాలు పడుతుంది. మర్నాడు పొద్దున్న ఆరింటికి జాగా పోతుంది. అప్పటిదాకా ఆ బండి స్టేషన్ సొత్తు. చెప్పకుండా బయటికి తోస్తే దొంగతనం. తొయ్యడానికి పట్టినవాడు సహాయకుడు. ఇదంతా ఆవిడకి వివరంగా చెప్పాను.

ఆవిడ అంతా విన్నది. తల ఊపింది. కొంగు నడుముకి దోపుకుని బండి దగ్గరికి వెళ్ళింది. మధ్యలో పడ్డ వానకి ముందు చక్రం బురదలో దిగబడింది. రెండుసార్లు తోసింది. కదల్లేదు.

వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఓ సెయ్యెయ్యి బాబూ."

నేను అటూ ఇటూ చూశాను. బండి ఎవరిది, ఎక్కడికి, ఎందుకు అని అడగలేదు. వెళ్ళి చెయ్యి వేశాను. చక్రం పైకి వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి బస్ కాంప్లెక్స్ గోడ పక్కన ఆవిరి లేస్తోంది. నాకన్నా ముందు అక్కడ కూర్మారావు ఉన్నాడు, డ్రిల్లు మాస్టారు ఉన్నారు, చివర్లో మఫ్టీలో, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని విరూపాక్షరావుగారు ఉన్నారు. ఆయన బండికేసి చూశారు. నాకేసి చూశారు. ఏదో అడగబోయారు.

"ఆకలేస్తన్నాదేటి బాబూ?" అంది అసిరమ్మ, ఆయన ముందు ప్లేటు పెట్టి.

ఆయన జేబులోంచి చెయ్యి తీశారు.

నేను స్టేషన్‌కి వెళ్ళి రిజిస్టరు తెరిచాను. స్వాధీనంలో ఉన్న వస్తువుల పేజీ తీశాను. బండి నంబరు ఎదురుగా ఒక గడి ఖాళీగా ఉంది. కలం పట్టుకుని దానికేసి కాసేపు చూశాను.

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, జరిగింది రాయలేదు.